బేరం లేని సంతలు

మొన్న అరకు వెళ్ళినప్పుడు, మా మేనత్త కొట్టు ఉండిన చోట కాఫీ హోటలు కనబడింది; గోడ మీద ధరల పట్టిక, దాని కింద ఎవరి ఫోనులో వాళ్ళు. లోపలికి వెళ్ళాలనిపించక గుమ్మంలోనే కాసేపు నిలబడి వచ్చేశాను.

తొంభైల మొదట్లో, మామయ్య పోయాక, సాలూరు నుంచి ఒంటరిగా కొండెక్కి ఆ వీధిలో కొట్టు తెరిచిన మొదటి ఆడమనిషి మా అత్త. రవికె గుడ్డలు, పూసలు, గాజులు అమ్మేది. వానాకాలం దాటదని పక్క షావుకార్లు జోస్యం చెప్పారు; నాలుగు వానాకాలాలు దాటేసరికి పలకరించడమే మానేశారు. వాళ్ళిళ్ళ పేరంటాలకు ఆవిడకు పిలుపుండేది కాదు. నోరారా మాట్లాడేది సంతనాడే. డుంబ్రిగుడ వైపు నుంచి అల్లం అమ్ముకోడానికి వచ్చే ముసలమ్మ, తట్ట ఖాళీ కాగానే వచ్చి, ఒక్క రవికె గుడ్డకు గంటసేపు బేరమాడేది.

"ఏటమ్మా, బంగారం పోసి నేసినారేటి?"

"నీ అల్లంలో అమృతం ఉన్నాదేటి, అంతకి అమ్మినావు?"

బేరం నడుమ ముసలమ్మ కోడలి కాన్పూ, అత్త మోకాలి నొప్పీ వచ్చిపోయేవి.

బి.కాం. తప్పి అత్త పంచన చేరిన నేను, ఆ వీధి కొట్లన్నిటికీ ఒక్క మేధావిని కదా, ఆ గంటలన్నీ దండగని తేల్చి "ఒకటే రేటు" అని బోర్డు రాసి తగిలించాను. అత్త కాదనలేదు. ఆ వారం ముసలమ్మ ఎప్పటిలాగే సగానికి అడిగింది. అత్త బోర్డు చూపి ఊరుకుంది. ముసలమ్మకు చదువు రాదు, అత్త మొహమే చూసింది.

"కోపమొచ్చిందేటమ్మా? మాటాడవేటి?"

అత్తకంటే ముందు నేనే, బేరాల్లేవు, కావాలంటే తీసుకోమన్నాను. గుడ్డ మడిచిపెట్టి వెళ్ళిపోయింది. తర్వాత రెండు సంతలు మా గుమ్మం తొక్కలేదు. అలాగని ఎదురు కొట్లోనూ కొనలేదు. అత్త మాత్రం పొద్దువాలేదాకా వీధిలోకే చూస్తూ కూర్చునేది. మూడో సంతనాడు బోర్డు పీకి పారేసింది.

"బేగి ఎల్లవే గుంటా. కోపం నేదని సెప్పి పిలుసుకురా."

వెళ్ళి బతిమాలి తెచ్చాను. గంటన్నర పోట్లాడుకుని, ఆవిడ అడిగిన సగానికే అత్త ఇచ్చేసింది. నేను లోపల గింజుకున్నాను గానీ, ఆ పూట అత్త రెండు ముద్దలు ఎక్కువే తింది.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. నేను విశాఖలో ఒక్కదాన్నే ఉంటున్నాను. కూరల బండి ఆపి వంకాయలు సగానికి అడిగితే, అతను సరేనని తూచేసి వెళ్ళిపోతాడు. కాస్త బెట్టు చేస్తే అతని సొమ్మేం పోయింది?