ముసురు పట్టిన పొద్దున వచ్చిన ఫోను

నాకు ఇరవై ఏడేళ్లు వచ్చేదాకా మా ఇంట్లో ఎవరూ నన్ను పొద్దున్నే లేపలేదు. "పడుకోనీండి వాన్ని" అనేవాడు మా నాయన. కర్నూలులో మూడంతస్తుల ఇల్లు, డోన్ అవతల నాపరాళ్ల గని, రాళ్లను నునుపు చేసే ఫ్యాక్టరీ, రెండు కార్లు. నేనొక్కడినే కొడుకుని. అంత వయసొచ్చినా, అమ్మ ముళ్లు తీసి పెడితేనే చేప తినేవాణ్ని. గని నాదవుతుందని అందరికీ తెలుసు గానీ నేను అందులోకి దిగింది నాలుగైదుసార్లే. బూట్లకు దుమ్ము అంటుకుంటుందని చిరాకు.

గనిలో ఊరే నీళ్లను తోడే మోటార్లు చూసుకోవడానికి ఒకాయన ఉండేవాడు. నా చిన్నప్పటి నుంచీ మా దగ్గరే పని. అందరం ఆయన్ని మోటారాయన అనేవాళ్లం. పేరు నేనెప్పుడూ అడగలేదు.

ఆ ఏడు మా సీమలో ఎన్నడూ చూడనంత ముసురు పట్టింది. నాయన పని మీద హైదరాబాదు పోయాడు. తెల్లారి చాలాసేపయినా నేనింకా పడక మీదే ఉన్నాను. ఫోను మోగింది.

"అప్పా, పెద్దాయనకు ఫోను తగల్లేదు. పైన వంక పొంగతాండాది. మోటార్లు ఆపేసి ఇంటికి పోయేదా?"

నిద్ర చెడిందని ఒళ్లు మండింది. "ఆపితే మిషన్లు మునిగిపోవా? మోటార్ల కాడ్నే ఉండు. ఊరికే ఫోన్లు చేయొద్దు" అని పెట్టేశాను. దుప్పటి లాక్కుని మళ్లీ పడుకున్నాను. ఎంత హాయిగా నిద్ర పట్టిందో నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ తర్వాత గంటకో గంటన్నరకో వంక గట్టు తెగి, వాగు నీళ్లతో గని మొత్తం నిండిపోయింది. రాళ్లు తీసే మిషన్లన్నీ అడుగున ఉండిపోయాయి. వాన వల్ల కూలీలెవరూ పనికి రాలేదు. మోటారాయన ఒక్కడే లోపలున్నాడు. మూడో రోజు దొరికాడు.

ఆయన్ని సమాధి చేసే దగ్గరికి నాయన ఒక్కడే వెళ్లాడు. నేను జ్వరమని పడుకున్నాను. జ్వరం లేదు. తిరిగొచ్చి చెప్పులు విప్పుతూ నాయన అడిగాడు.

"ఆ పొద్దు నీకేమన్నా ఫోను చేసినాడా?"

"లేదు నాయనా."

కాసేపు నా మొహం చూశాడు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

గని మూతబడింది. ఏడాది తిరగకుండానే అప్పుల కింద ఫ్యాక్టరీ, కార్లు, ఆఖరికి ఇల్లు కూడా పోయాయి. సామాన్లు లారీకి ఎక్కిస్తుంటే అమ్మ ఖాళీ గదుల్లో తిరిగి, గోడలకున్న మేకులు పీకి కొంగున కట్టుకుంది. ఎండలు ముదిరేసరికి నాయన గుండె ఆగిపోయింది. మైదుకూరులో మా మేనమామ తన ఇంటి వెనక రెండు గదులిచ్చాడు.

నాకు వచ్చిన పని బండి నడపడం ఒక్కటే. ఒక చిన్న బడి వ్యానుకు డ్రైవరుగా చేరాను. "ఏమప్పా, ఇంతసేపా రావడం?" అని పిల్లల తల్లులు అరిస్తే మొదట్లో బండి వదిలేసి పోదామనిపించేది. తర్వాత అలవాటైంది. అలవాటు కానిది ఇంకొకటి ఉంది. వాన పడితే చాలు, రోడ్డు పక్కన తడి తువ్వాలు భుజాన వేసుకుని మోటారాయన నిలబడి ఉండేవాడు. ఒకరోజు బండి ఆపి దిగాను. శెనగచేలు తప్ప ఏమీ లేవు.

తిరిగి ఎక్కాక, నా వెనక సీట్లోంచి ఒకటో తరగతి టీచరు అడిగింది. "ఎవరున్నారని ఆపినావు?"

"ఎవరూ లేరు."

"మరి ఎవరితో మాట్లాడతాంటివి?"

బండి స్టార్ట్ చేశాను. ఆమె రెట్టించి అడగలేదు. మైదుకూరుకు దగ్గరి పల్లెలో, చర్చి పక్క సందులో వాళ్లిల్లు. తండ్రి పోయాక తల్లి పుట్టింటి ఊరికి వచ్చేశారని చెప్పింది. అమ్మకు బాగాలేనప్పుడు బొరుగులు ఎంతసేపు నానబెట్టాలో, ఎట్లా పిండాలో ఫోనులో చెప్పి నాచేత ఉగ్గాణి చేయించింది. నేను చేసిన మొదటి వంట అదే. ఆమె కోసం పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెట్టాను. పాత ఇల్లు, కార్లు, గని గురించి ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. అది నాకు వింతగా తోచలేదు.

ఒక శనివారం, "రేపు మా నాయన జ్ఞాపకార్థ ప్రార్థన ఉండాది. నువ్వు రావల్ల" అంది.

వెళ్లాను. గడపలో చెప్పులు విప్పి తలెత్తితే ఎదురుగా గోడ మీద దండ వేసిన ఫోటో. మోటారాయన. పాట మొదలైంది. నేను చివరి వరకూ కూర్చోలేకపోయాను. భోజనానికి ఉండమంటున్నా వెనక్కి చూడకుండా వచ్చేశాను.

మర్నాడు పిల్లలంతా దిగాక ఆమెను ఆగమన్నాను. ఆ ఫోను సంగతి మొత్తం చెప్పాను. నిద్రపోయిన సంగతి కూడా.

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ వింది. "మా నాయన చివరి ఫోను నీకే అని తెల్సు. ఏం మాట్లాడుకున్నారో అదొక్కటే తెలీదు."

"నేనెవరో తెలిసే ఈ బండి ఎక్కినావా?"

"తెల్సే. నీ మొగం చూడల్లని ఎక్కినా. చూస్తా చూస్తా ఎందుకెక్కినానో మర్చిపోతి." కిటికీ అద్దం జరిపింది. "గనిలోపల ఫోను తగల్దు. నీకు ఫోను చేసేదానికే మా నాయన పైకొచ్చినాడు. ఫోను, చొక్కా పైన షెడ్డులోనే దొరికినాయి. నువ్వు చెప్పినాకనే మళ్లా దిగినాడు."

అది నాకు అంతవరకూ తెలియదు.

బ్యాగు తీసుకుని దిగిపోయింది. నాలుగు నెలలు ఆటోలో బడికి వచ్చింది. వాళ్ల ఊరి దగ్గర రోజూ బండి ఆపి, ఎవరూ ఎక్కకపోయినా ఒక నిమిషం చూసి కదిలేవాణ్ని. ఒకరోజు ఎక్కింది. పాత సీట్లోనే కూర్చుని, "అమ్మకు ఆ ఫోను సంగతి, మన సంగతి చెప్పేసినా. దాచిపెట్టి బతకడం నాతో కాదు" అంది.

రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకున్నాం. మా అమ్మ వచ్చింది, మేనమామ రాలేదు. వాళ్లమ్మ వచ్చి, సంతకం పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయింది.

ఇప్పటికి మూడేళ్లు. వానాకాలం రాత్రుళ్లు కాదు, పొద్దుటి పూటలే నాకు కష్టం. ఫోను ఎవరిది మోగినా లేచి కూర్చుంటాను. ఆమె నా భుజం మీద చేయి వేస్తుంది. ఆదివారం చర్చి అయ్యాక వాళ్లమ్మ ఇంటికి భోజనానికి వెళ్తాం. అత్తమ్మ ఇంతవరకూ నాతో నేరుగా మాట్లాడలేదు. కంచంలో అన్నం తక్కువైతే మాత్రం కూతురితో అంటుంది, "ఆయప్పకు ఇంకింత పెట్టు."

పెడితే తింటాను. వద్దని ఎప్పుడూ అనలేదు.