ఫొటోలో బంగారు వెలుగు

మా పాప మొదటి పుట్టినరోజు నాటి మాట ఇది. అప్పుడు మేం మిర్యాలగూడలో కిరాయికి ఉండేవాళ్లం. సూర్యాపేటలో పనిచేసే మా మరిది కొత్త కెమెరాతో వచ్చాడు. ఫ్లాష్ కొడితే పాప మొహం సున్నం పూసినట్టు పడుతోందని, టెంట్‌హౌస్ నుంచి పెద్ద ఫోకస్ లైటు తెచ్చి, దానికి నా తెల్ల చున్నీ చుట్టాడు.

"లైటు కాలిపోతున్నది, చున్నీ తియ్యి" అన్నాను.

"నీకు తెల్వదు వదినా, జరసేపు ఊకో. గిట్లయితెనే లైటు మెత్తగ పడతది."

మా ఆయన కూడా నన్నే కసిరాడు. కాసేపటికే కమురు వాసన వచ్చింది. మండుతున్న చున్నీ జారి పాప కూర్చున్న దుప్పటి మీద పడింది. పాపను ఎట్లా లాక్కున్నానో తెలియదు, చంకనేసుకుని వాకిట్లోకి పరుగెత్తాను. మంట ఆర్పి మరిది వెనకే వచ్చాడు. పాపకేమైనా అయిందా అని అడుగుతాడనుకున్నాను.

"వదినా, ఆఖరి ఫొటో మస్తు వచ్చింది, సూడు" అన్నాడు కెమెరా చూపిస్తూ.

ఆ ఫొటో ఇప్పుడు కోదాడలో మా అత్తగారింట్లో పెద్ద ఫ్రేములో ఉంది. పాప మొహం మీద ఆ బంగారు వెలుగు చూసి వచ్చినవాళ్లంతా మరిదిని మెచ్చుకుంటారు. అది నా చున్నీ అంటుకున్న వెలుగని మా ఇంట్లో ఒక్కరూ నోరు విప్పరు. అందుకే మీకు రాస్తున్నాను.