అంగారకుడి మీద లేని గుంటలు

ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. బరువు మోశానంటే అందంగా ఉంటుంది. బరువు కాదు, కుళ్ళు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

అరవైల చివర. తార్నాకలో మా ఇల్లు, నడిచిపోయేంత దూరంలో యూనివర్సిటీ. అక్కడ ఒక సార్ దగ్గర నేనూ, నాకంటే రెండేళ్ళు చిన్నదైన సుగుణా పనిచేసేవాళ్ళం. అంగారకుడి ఫొటోల మీద భూతద్దం పెట్టి, ఉల్కలు పడి చేసిన గుంటల్ని సైజులవారీగా లెక్కపెట్టాలి. గాలి మందంగా ఉన్నచోట చిన్న ఉల్కలు పైనే కాలిపోతాయి, పెద్దవే నేలను తాకుతాయి. అందుకే పాత నేల మీద చిన్న గుంటలెన్నో చూస్తే, ఒకప్పుడక్కడ గాలి ఎంతుండేదో అంచనా కట్టొచ్చు. ఒకరి లెక్క ఒకరు చూడకూడదు. రెండూ కలిస్తేనే నమ్మాలి.

నేను సగం ఫొటోలే చూశాను. విసుగు. అక్కడ మందమైన గాలి ఎప్పుడూ లేదని సార్ నమ్మకం. ఆయనకు నచ్చేలా, మిగతా ఫొటోల్లో చిన్న గుంటలు బోలెడున్నట్టు అంకెలు వేసేశాను.

లెక్కలు కలవలేదు. సార్ ఇద్దర్నీ పిలిచారు.

"మూడుసార్లు చూసిన సార్. పాత నేల మీద చిన్నయి శాన తక్కువున్నయి," అంది సుగుణ.

ఆయన నావైపు తిరిగారు. అప్పుడైనా నోరు మూసుకోవచ్చుగా? "తను వారాసిగూడలో ఇంటికి వెళ్ళాలని హడావిడిగా ముగించేస్తుందండీ," అన్నాను. రోజూ నాకంటే ఆలస్యంగా వెళ్ళేది తనే.

వరండాలో అడిగింది. "ఏందక్కా, గట్లన్నవ్? నేనెప్పుడు ఉరికిన?"

"నాకనిపించింది చెప్పాను."

మర్నాటి నుంచి ఆమెను రానివ్వలేదు. సార్ వ్యాసంలో నా పేరు అచ్చయింది. అమ్మ మురిసిపోతే నేనూ నవ్వాను. దొరికిపోతానన్న భయంతో సార్ ముందు ఆ మాట అన్నానా? భయమైతే కొంత నయం. ఆ పిల్ల మాటతీరు చూసి సార్ ఆమెను నమ్మరని, నా భాష వింటే నన్నే నమ్ముతారని నాకు ముందే తెలుసు. తెలిసే వాడుకున్నాను.

ఏడాది తర్వాత నల్లకుంట మార్కెట్లో ఎదురైంది. చిన్న బడిలో పాఠాలు చెబుతోందట. "మంచిగున్నవా అక్కా?" అంది. బస్సొస్తోందని చెప్పి పక్కకు తిరిగాను. ఏ బస్సూ రాలేదు.

ఆ వారం ఫొటోలన్నీ మొదటిసారి పూర్తిగా చూశాను. సుగుణ లెక్కే సరైంది. కొత్తగా లెక్క రాసిన కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేశాను. సార్ పోయారు. సుగుణ ఎక్కడుందో తెలియదు, వెతకనూ లేదు.

చూడకుండా రాశాను. అబద్ధమాడి ఆమెను వెళ్ళగొట్టించాను. ఇంత చెప్పాక ఊపిరి కాస్త ఆడుతోంది. అందుకు కూడా నా మీద నాకు రోతగానే ఉంది.