గేటు దగ్గర దేవిదాస్ సారు

అబద్ధం చెప్పినందుకు దేవిదాస్ సారు ఏ పిల్లనీ, పిల్లవాడినీ తిట్టి ఎరగడు. చప్పటి అబద్ధం చెబితే మాత్రం వదిలేవాడు కాదు.

తొంభైల చివర్లో ఆయన బాన్సువాడలో ఒక హైస్కూలుకు తెలుగు సారు. రోజూ పొద్దున్నే బెత్తం పట్టుకుని గేటు దగ్గర నిలబడేవాడు. ఆలస్యంగా వచ్చినవాళ్లు కారణం చెప్పాలి. కడుపునొప్పి అంటే ఆయన మొహం ఉప్పులేని పప్పు తిన్నట్టయ్యేది. అమ్మమ్మ చనిపోయిందన్న ఒకడిని, పోయిన నెలలో చనిపోయినావిడ మధ్యలో ఎలా లేచిందో అది చెప్పమని నిలబెట్టాడు.

బీర్కూర్ నుంచి వచ్చే సంగీతది తొమ్మిదో తరగతి. ఆమె ఎక్కే బస్సు వేళకు వచ్చిన పాపాన పోలేదు. ఓ రోజు బస్సు పంచరైందని చెప్పింది.

"ఏ టైరు?"

"ఎన్కది సార్."

"డ్రైవరేమన్నడు? దిగినోళ్లల్ల ముందుగాల ఎవరు నవ్విండ్రు?"

సంగీత అంతదూరం ఆలోచించుకుని రాలేదు. రేపు మంచిగా చెప్పమని లోపలికి పంపేశాడు.

మర్నాడు ఆమె సిద్ధమై వచ్చింది. ఓ అవ్వ గంపలోంచి కోడి తప్పించుకుని చెరుకు తోటలో దూరిందనీ, డ్రైవరుతో సహా బస్సంతా దాని వెంట పడిందనీ చెప్పింది. సారు బెత్తం ఆడిస్తూ కోడి రంగేమిటని గద్దించాడు. ఆనాటి నుంచీ సంగీత బస్సులో కునుకు తీయడం మానేసింది. ఎవరు ఎలా పోట్లాడుతున్నారో, ఎవరు ఎందుకు అలిగారో చూస్తూ వచ్చేది.

ఓ వారపత్రిక పిల్లల కథల పోటీ పెడితే సారు ఆమెను రాయమన్నాడు.

"నాకు కతలు రావు సార్. అబద్ధాలొస్తయి, గంతే."

"ఈడ నువ్వు ఎదురుంగ ఉండి నమ్మిస్తున్నవ్. కాయితం మీద నువ్వు లేకున్నా నమ్మాలె. గంతే తేడా."

ఆమెకు ధైర్యం చాలలేదు. ఇంతలో సారుకు జ్వరమొచ్చింది. గేటు దగ్గర లెక్కల సారు నిలబడ్డాడు. సంగీత కారణం మొదలుపెట్టేలోపే అరచేతులు కందిపోయాయి. చేతుల మీద చల్లటి నీళ్లు పోస్తూ ఆయా అంజవ్వ అసలు సంగతి చెప్పింది. గేటు డ్యూటీ వారానికొక సారుదట. దేవిదాస్ సారు అందరి వంతులూ బతిమాలి తీసుకున్నాడట.

"లేటొస్తె కొట్టాలని హెడ్మాస్టర్ సారు రూలు. బస్సు లేటయితె పిల్లలేం జేస్తరని మీ సారంటడు. గా కోడి ముచ్చట అడుగుతాంటే, హెడ్మాస్టర్ సారు కిటికీలకెల్లి చూసి మీ సారు దబాయిస్తుండనుకుంటడు."

ఆ సాయంత్రమే సంగీత కథ రాసింది. పేర్లు మార్చి గేటూ, బెత్తం, కోడీ అన్నీ పెట్టింది. కథ అచ్చయింది. హెడ్మాస్టర్ రాజేంద్రప్రసాద్ గారు చదివి, ఇద్దరినీ పిలిపించారు. సంబరంలో సారును పట్టించేశానని సంగీతకు అప్పుడు తట్టింది.

"ఇదంతా నిజమేనా మాస్టారూ?"

"కత సార్," అన్నాడు దేవిదాస్ సారు తొణక్కుండా. "పిల్ల నమ్మేటట్టు రాసింది."

హెడ్మాస్టర్ గారు పత్రిక మడిచి సొరుగులో పెట్టుకుని, ఇద్దరినీ క్లాసుకు పంపేశారు.

సోమవారం పొద్దున గేటు దగ్గర రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. ఒకదాంట్లో హెడ్మాస్టర్ గారు కూర్చుని, రెండోది దేవిదాస్ సారుకు వదిలి, బీర్కూర్ బస్సు ఇంకా రాలేదేమా అని దారి చూస్తున్నారు.