బాబా బ్యాటుకి అంటిన మురికి

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు, నాకు రాయడం వచ్చేది కాదు, అంతే. అరవై దాటాక మా చర్చిలో ఆడవాళ్లకు సాయంకాలం అక్షరాలు నేర్పుతామంటే, బైబిలు సొంతంగా చదువుకోవచ్చన్న ఆశతో వెళ్లి కూర్చున్నాను. చదవడం వచ్చింది, దాని వెనకే కుంటుకుంటూ రాయడమూ వచ్చింది. మొన్న మా చెల్లెలి కూతురి కొత్త ఇంటికి వెళితే, ముందుగదిలో అద్దాల బీరువాలో మా అమ్మ రోకలి నిలబెట్టి ఉంది. పాతకాలపు వస్తువని ముచ్చటపడి నున్నగా గీకించి, మెరిసేలా వార్నీషు కొట్టించిందట. బయటికి తీసి, అమ్మ చెయ్యి పట్టీ పట్టీ నడుమ పడిన పల్లం కోసం వేళ్లతో వెతికాను. లేదు. పిల్లని ఏమీ అనలేక, బాగుందమ్మా అనేసి వచ్చాను గాని, ఆ వార్నీషు వాసనకి కువైట్‌లో బాబా బ్యాటు గుర్తొచ్చి రాత్రంతా వదల్లేదు.

తొంభైల చివర నేను పనిచేసింది రిగ్గైలో ఒక అరబ్బుల ఇంట్లో. మన తరంలో కోనసీమ నుంచి వెళ్లిన ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు, ఇల్లాలు మనకి మామా, ఇంటాయన బాబా. ఈ బాబా అహ్మదిలో పెట్రోలు కంపెనీలో చేసి విరమించినవాడు. పడుచుతనంలో అమెరికాలో చదువుకున్నప్పుడు పట్టుకున్న ఆటపిచ్చి ఆయన్ని వదల్లేదు. క్రికెట్ కాదు, బేస్‌బాల్. దాని బ్యాటు అచ్చం రోకలిలా గుండ్రంగా ఉంటుంది. మగవాళ్లు కూర్చుని కబుర్లాడుకునే దీవానియా గదిలో గోడ పొడుగునా అవే. దుమ్ముగాలి లేచిన మర్నాడల్లా వాటిని తడిగుడ్డతో తుడవడం నా పని.

అన్నిటికీ పైన, ఒంటరిగా, నల్లగా జిడ్డోడుతూ ఒకటి ఉండేది. మొదటిసారి దాని మీదికి గుడ్డ ఎత్తి, నాకొచ్చిన నాలుగు అరబ్బీ మాటల్లోంచి ఏరుకుని, "బాబా, వసఖ్! వాజిద్ వసఖ్!" అన్నాను. మురికి, చాలా మురికి అని. ఆయన నా చేతిలోంచి గుడ్డ లాక్కుని, దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఆ రోజు నుంచి ఆ బ్యాటు పేరే వసఖ్. "నా వసఖ్ ఎలా ఉంది?" అని పొద్దున్నే అడిగేవాడు, అది మా ఇద్దరికే తెలిసిన వేళాకోళం.

మిగతావన్నీ ఆటగాళ్లవని నమ్మి కొన్న దుకాణం సరుకట. ఇదొక్కటే నిజంగా ఆటలో తిరిగింది, చదువుకునే రోజుల్లో ఆయన అద్దెకున్న ఇంటి ముసలాయన, ఒకప్పటి ఆటగాడు, ఇచ్చిందట. తేడా ఆయన నాకు వేళ్లతోనే నేర్పాడు. దుకాణం బ్యాటుకి పిడి అడుగున కొలత అచ్చువేసి ఉంటుంది, దీనికి ఆటగాడి చొక్కా మీది అంకె చేత్తో రాసి ఉంది. చదువు లేకపోయినా అచ్చుకీ చేతిరాతకీ తేడా కనిపెట్టగలను కదా. పిల్లలు ఆడిన బ్యాటు మీద సొట్టలు ఎక్కడపడితే అక్కడుంటాయి, తెలిసినవాడు ఎప్పుడూ ఒకవైపే కొడతాడు గనక దెబ్బలన్నీ ఒకచోటే ఉంటాయి, అక్కడ బంతి కుట్ల అచ్చులు కూడా కర్రలో దిగిపోయి వేలికి తగులుతాయి. ఆ నల్లటి జిడ్డు, పట్టు జారకుండా ఆటగాడు రాసుకున్న తారు. మా అమ్మ రోకలి పల్లం తెలిసినదాన్ని, నాకు వెంటనే అర్థమైంది.

ఒక ఏడు సెలవుకి ఇంటికొస్తూ, నా బదులు వచ్చే పనిమనిషి తుడిచేస్తుందని భయమేసి, వసఖ్‌కి నా చున్నీ చుట్టి ముడివేశాను. అక్షరం వస్తే చిన్న కాగితం కట్టి ఉండేదాన్ని. ముడి చాలుననుకున్నాను.

తిరిగి వెళ్లేసరికి బాబా పక్షవాతంతో ఆస్పత్రిలో ఉన్నాడు. మామా ఆయన మంచం దగ్గర కూర్చుంటే, నోట్లోంచి వచ్చేది ఒకటే మాటట, వసఖ్, వసఖ్ అని బ్యాటు పట్టుకున్నట్టు చెయ్యి ఊపేవాడట. బ్యాటు మురికిగా ఉందని బాధపడుతున్నాడనుకుంది ఆ తల్లి. విమానాశ్రయం నుంచి వస్తుంటే మా డ్రైవరు, కడప తమ్ముడు, సంబరంగా చెప్పాడు. "మామా చెప్తే నేనే ఖైతాన్‌లో వడ్రంగి కాడికి తీస్కపోయి, గీకిచ్చి వార్నీషు కొట్టిచ్చినా అక్కా. మీ అమెరికా రోకలి ఇప్పుడు సూడు, పెండ్లికొడుకు మాదిరి ఉండాది!"

"చున్నీ చుట్టి పెట్టాను కదయ్యా!"

"అదీ ఉతికిచ్చినాం లే, ఇస్త్రీ చేసి నీ గదిలో పెట్టినారు."

బాబా ఇంటికొచ్చిన రోజు మామా తనే ఆ బ్యాటు తెచ్చి ఒళ్లో పెట్టింది. ఆయన బాగున్న చేతి బొటనవేలు కుట్లుండే చోటికి వెళ్లింది, చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే వచ్చింది. మామా ఎదురుగా నిలబడి ఆయన మొహంలోకి ఆశగా చూస్తోంది. ఆయన ఒక్కసారి నా వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, వంకరపోయిన మూతితో నవ్వి, "జైన్" అన్నాడు. బాగుంది అని. ఆమె ఆయన నుదురు ముద్దుపెట్టుకుంది. కాసేపటికి ఆయన బ్యాటు నాకిచ్చి, పై కొక్కేనికి కాదని తల ఊపి, దుకాణం సరుకున్న కింది వరస చూపించాడు.

ఇప్పుడు నాకు అక్షరాలు వచ్చాయి; తుడవకండి అని ఎంత గుండ్రంగానైనా రాయగలను. కట్టడానికే ఏమీ మిగల్లేదు. బాబా లేడు, రోకలి వార్నీషులో ఉంది, మనుషుల చెయ్యి పడిన గుర్తు ఎక్కడ కనిపించినా ఈ కాలం వాళ్లు దాన్ని మురికే అంటున్నారు, అదీ ప్రేమతోనే అంటున్నారు.

బాబా ఇంటికొచ్చిన ఆ రాత్రి దుమ్ముగాలి లేచింది. మర్నాడు పొద్దున గుడ్డ తడిపి, పిండి, కింది వరసలో బ్యాట్లన్నీ ఒక్కొక్కటే తుడిచాను. దాన్నీ తుడిచాను.