రేడియో దారంతో కట్టిన విమానం

నా విమానం కూలింది ఒక్కసారే. అప్పుడు పైలట్ సీట్లో ఉన్నది నా స్నేహితుడు ఖాజాకు పిల్లనివ్వడానికి ఎమ్మిగనూరు నుంచి వచ్చిన మస్తాన్ సాబు. ప్రాణనష్టం లేదు గానీ, పెళ్లికి మాత్రం పెద్ద గండమే వచ్చింది.

కంగారు పడకండి. ఆ విమానం ఆదోనిలో మా ఇంటి వెనక గదిలో, ఒక పాత బల్ల మీద ఉండేది. ఎనభైల మొదట్లో డిగ్రీ ముగించి ఖాళీగా ఉన్న నాకు, ఒక వారపత్రికలో కాక్‌పిట్ బొమ్మ చూడగానే పూనకం వచ్చింది. వేగానికి లారీ స్పీడోమీటరు సంపాదించాను. పత్తి జిన్నింగు మిల్లు పాత సామాన్లలో దొరికిన ప్రెషర్ మీటరు అద్దం ఊడదీసి, అంకెల మీద కాగితం అంటించి, ఎత్తు తెలిసేలా వేలల్లో అడుగులు రాసుకున్నాను. ఇక లేనిదల్లా రేడియో. స్టేషన్ అందకుండా ఏ పైలట్ అయినా ఎట్లా దిగుతాడు?

మా ఇంటి వీధి వైపు గదిలోనే ఖాజా రేడియో రిపేరు దుకాణం. మస్తాన్ సాబు తన మూగబోయిన వాల్వు రేడియోను అతనికిచ్చి, "ఇది పలికినాక మా పిల్ల సంగతి మాట్లాడుకుందాం" అన్నాడు. ఖాజా వారం రోజులు తంటాలు పడి పలికించాడు. దుమ్ము పడకుండా నా గదిలో పెట్టి, "శీనా, దీన్ని మాత్రం ముట్టొద్దప్పా, నీకు దండం పెడతా" అన్నాడు. ఆ వయసులో ఒక వస్తువును ముట్టడానికి నాకు అంతకన్నా కారణం అక్కర్లేదు.

రేడియో నాబ్ తిప్పితే ముల్లు జరుగుతుంది కదా, దాన్ని లాగేది లోపలుండే సన్నటి దారం. దానికి ఇంకో దారం కట్టి నా ఎత్తు మీటరు ముల్లుకు ముడివేశాను. ఒకే నాబ్‌తో స్టేషనూ మారుతుంది, విమానమూ లేస్తుంది! సాయంత్రానికి విప్పేద్దామనుకున్నాను. మస్తాన్ సాబు మధ్యాహ్నమే దిగాడు.

"యాడప్పా నా రేడియో?"

ఖాజా నా గది తలుపు తీశాడు. తెరిచిన నోరు మూయడం మరిచాడు.

"ఏందిది?" అన్నాడు సాబు.

"విమానం, సాబూ" అన్నాను.

"ఓహో. నా రేడియో టిక్కెట్టు తీసుకునిందా?" అంటూ కుర్చీలో కూర్చుని నాబ్ తిప్పాడు. రేడియో గంట కొట్టినట్టు పలికింది.

"పలుకుతాండాది మామూ!" అన్నాడు ఖాజా, పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు.

"ఉండప్పా, వార్తలు యాడొస్తాయో సూస్తా." సాబు ఎడమకు తిప్పాడు. నా ముల్లు జారడం మొదలైంది. పదివేల అడుగులు. ఐదువేలు. వెయ్యి. మీరే చెప్పండి, మూడు నెలలు విమానం నడిపినవాడు చూస్తూ ఊరుకుంటాడా?

"పైకి తిప్పండి సాబూ! నేలకు కొట్టుకుంటాం!" అని మీద పడి నాబ్ పట్టుకున్నాను.

"వదులప్పా!"

"మీరు వదలండి, నేను దింపుతా!"

టప్‌మని రేడియో లోపలి దారమే తెగింది. రేడియో ఒక కన్నడ స్టేషన్ దగ్గర ఆగి, ఎరువుల గురించి చెప్పసాగింది. ఎంత తిప్పినా ఎరువులే.

"సచ్చినాంరా శీనా" అని ఖాజా గోడకు ఆనుకున్నాడు.

సాబు ఆ కన్నడం కాసేపు శ్రద్ధగా విన్నాడు. "ఇప్పుడు మనం యాడ దిగినాం?" అని నన్నడిగాడు.

"కర్ణాటకలో, సాబూ."

ఆయన నవ్వలేదు. "అర్ధగంటలో కొత్త దారం ఏస్తా మామూ" అని ఖాజా బతిమాలినా వినలేదు. రేడియోను చంకలో పెట్టుకుని, "కబురు పంపిస్తా" అని బస్సెక్కాడు.

ఖాజా నాతో మాటలు మానేశాడు. విమానాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి మిల్లుకు, లారీ షెడ్డుకు తిరిగిచ్చి వచ్చాను. పది రోజులకు కబురొచ్చింది, పిల్లనిస్తానని. ఆ పెళ్లి విందులో ఖాజా ఎదుట చేయి చాచి ప్రమాణం చేశాను: పెళ్లి కావలసినవాడి రేడియో గానీ, అయినవాడి రేడియో గానీ ఈ జన్మలో ముట్టనని. ముట్టలేదు.

అంత జరిగినా సాబు పిల్లనెందుకిచ్చినట్టు? తన పనితనం చూసేనని ఖాజా అంటాడు. "నీతో స్నేహం చేసి తట్టుకున్నోడు నన్నూ తట్టుకుంటాడని ఇచ్చినాడన్నా" అంటుంది ఖాజా భార్య. మస్తాన్ సాబు మాత్రం ఏ సంగతీ చెప్పకుండానే పోయాడు.