అత్తగారి "ఆయ్"

మెదడుకు రక్తప్రసరణ మీద జరిగే ఒక పరిశోధనలో పెద్దవాళ్ల జ్ఞాపకశక్తిని పరీక్షించడం నా పని. ఊరికే అవుననేసే వీలున్న "అన్నం తిన్నారా?" అనకూడదు, "ఏం కూర తిన్నారు?" అని అడగాలని కొత్తవాళ్లకు నేర్పేది కూడా నేనే.

మధ్యాహ్నం ఆఫీసు నుంచి అమలాపురంలోని మా ఇంటికి, అత్తగారికి ఫోన్ చేసేదాన్ని.

"భోంచేసేరా అండీ?"

"ఆయ్."

"బీపీ మాత్ర వేసుకున్నారా?"

"ఆయ్."

నిశ్చింతగా పెట్టేసేదాన్ని.

మొన్న ఆవిడ దిండు గలీబు మారుస్తుంటే మాత్రలు జలజలా రాలాయి. ఆవిడ మెదడులో చిన్న చిన్న స్ట్రోకులు ఎప్పుడెప్పుడో వచ్చిపోయాయని తర్వాత స్కాన్‌లో తేలింది.

మా వైపు ఏమడిగినా మర్యాదకు, అవునండీ అన్నట్టు, ఆయ్ అనేస్తారు. అది నాకు తెలియక కాదు. ఏం కూర అని అడిగితే ఆవిడకు గుర్తొచ్చేదాకా ఆగాలి. నాకేమో మీటింగు. మీటింగట, మీటింగు!

ఇప్పుడు పక్కన కూర్చుని అడుగుతున్నాను, "మధ్యాహ్నం ఏం కూర తిన్నారండీ?" అని.

ఆవిడ చాలాసేపు ఆలోచిస్తారు. గుర్తు రాదు. నా కళ్లలో నీళ్లు చూసి, నన్ను ఊరడించడానికి తల ఊపి, మెల్లగా అంటారు, "ఆయ్."